జల్లెడ జప్తు

"జల్లెడ ఇటివ్వమ్మా," అన్నారు సుధాకరరావుగారు వంటగది గుమ్మంలో నిలబడి.

కోడలు కాత్యాయని నాలుక కరుచుకుంది. జల్లించకుండా పిండి కలపడం వాళ్ల పుట్టింట్లో ఎరగరు. చెయ్యి దానంతటదే జల్లెడ మీదికి పోతే పాపం తనేం చేస్తుంది?

వై టూ కే గండం నుంచి కంప్యూటర్లన్నీ క్షేమంగా బయటపడ్డాయి. రాత్రింబవళ్లు వాటికి కాపలా కాసిన ఆమె మొగుడు ఆకాష్‌కి మాత్రం నలభై ఏళ్లకే షుగరు తగులుకుంది. మూడు నెలలు పొట్టు తీయని గోధుమపిండి తినమన్నాడు డాక్టరు. అప్పటికీ దిగకపోతే ఇన్సులిన్ సూదులే.

ఇంకేం, సింగపూర్‌లోని ఆ టోవా పాయో ఫ్లాట్‌లో మావగారి పాలన మొదలైంది.

"యుద్ధం రోజుల్లో పిండిలో పొట్టు తీస్తే సర్కారు కేసు పెట్టేది. ఎన్నిసార్లు కోర్టు మెట్లెక్కానో. ఆ సర్కారు కాగితం ఇంకా నా ట్రంకుపెట్టెలో ఉంది," అనేవారు. చూపించమంటే మాట మార్చేవారు.

"మా మావయ్యగారు అప్పట్లో పిండి ఇన్‌స్పెక్టరు," అని కాత్యాయని పక్క ఫ్లాట్ తబస్సుమ్‌తో గొప్పగా చెప్పింది.

"అట్లైతే పైలం. అంకుల్ నిన్ను లాకప్‌ల ఏస్తడు," అంది తబస్సుమ్.

అక్కడే కూర్చున్న ఆయన అవుననలేదు, కాదనలేదు. మీసం దువ్వుకున్నారు.

ఆ ముతక చపాతీలు ఆకాష్‌కి గొంతు దిగేవి కావు. మొగుడి మొహం చూడలేక కాత్యాయని కొత్త జల్లెడ కొని బియ్యం డబ్బాలో దాచింది. మావగారు తిన్నగా వెళ్లి బియ్యంలోనే చెయ్యి పెట్టారు. ఇంకోసారి పిండంతా జల్లించేసి, డబ్బాలో పైన మాత్రం పొట్టు చల్లింది. ఆయన మోచేతి దాకా ముంచి అడుగు పిండి తీశారు.

"పైన పొట్టు, కింద తెలుపు. ఈ ఎత్తు చాలా పాతదమ్మాయ్."

"మీకెలా తెలిసిపోతుంది మావయ్యగారూ?"

"అనుభవం."

మూడు నెలలకి షుగరు దిగింది. సూది తప్పింది. ఈ మనిషినా ఇన్నాళ్లూ లోపల్లోపల తిట్టుకున్నానని కాత్యాయని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ సర్కారు కాగితానికి ఫ్రేము కట్టించి ఇస్తే ఎంత మురిసిపోతారో! ఆయన కిందికి వాకింగుకి వెళ్లడం చూసి, పెట్టె అడుగునుంచి దాన్ని తీసి, ఆత్రంగా చదివింది.

బియ్యం బస్తాలో దొరికిన జల్లెడ, పైన చల్లిన పొట్టు, అన్నీ అందులో వివరంగా ఉన్నాయి, కాకపోతే మావగారి పేరు ఇన్‌స్పెక్టరు అన్నచోట కాదు, ముద్దాయి అన్నచోట ఉంది.