గాల్లో తేలే ఊరు

గతించిన మహారచయితలు ఇప్పుడు ఇంటింటి గోడల మీద మాట్లాడుతూ కథ రాయడం నేర్పుతున్నారు. సుభాషిణి వంటింటి గోడ మీద ఇద్దరున్నారు. వాళ్లిద్దరూ సరేనంటేనే వారపత్రిక కథ తీసుకుంటుంది. ఈ వారం భాగం సాయంత్రంలోగా అందకపోతే ఆమె సీరియల్ ఆపేస్తారు.

"గాల్లో తేలే ఊరికి నీళ్లెక్కణ్ణించి వస్తాయమ్మా? అది రాయి," అన్నారు పెద్దాయన.

"మబ్బుల్ని పిండుకుంటారని రాశాను కదండీ."

"ఆ ముక్క తీసెయ్," అన్నారు పక్కనున్న అమ్మగారు. "మాయకి సంజాయిషీ ఏంటి?"

"పొద్దున్నించీ ఆయన పెట్టమంటారు, మీరు తీసెయ్యమంటారు. నాకు అత్తగారు ఒక్కరు చాలరా అండీ?" అంది సుభాషిణి బెండకాయలు తరుగుతూ.

వాళ్లు మళ్లీ వాదనకు దిగారు. విసిగిపోయి ఆమె వచ్చేవారానికి అనుకున్న, ఇంకా రాయని ఘట్టం పైకే చెప్పసాగింది. ఊరిని నేలకు కట్టిన తాడును ఎవరో కోస్తున్నారు. కావలివాడు దీపం ఎత్తి చూస్తే, రాజుగారి కూతురు. ఆమె కత్తి చివరి పోగును తాకింది.

గోడ మీద వాదన ఆగిపోయింది. సుభాషిణి అన్నం వార్చడానికి లేచింది.

"తర్వాతేమైంది?" అన్నారు పెద్దాయన.

"అది వచ్చేవారమండీ. ముందు ఈ వారానిది ఒప్పుకోండి."

"ఒప్పుకున్నాం," అన్నారు ఇద్దరూ. "ఇప్పుడు చెప్పు."

సుభాషిణి కథను పత్రికకు పంపేసి, పోపు వేసుకుంది.