నాలుగో పేజీ

మొదటి వేలు విరిచే ముందు కురుమూర్తికి ఒక అవకాశం ఇచ్చారు.

"పేరు చెప్పు, లేచి పోత," అన్నాడు శంకరప్ప సేటు. గద్వాలలో ఆయనది బంగారం కుదువపెట్టుకునే దుకాణం.

"ఏ పేరు సేటు?"

"నా దుకాణంల సంగతి నీకు మోసినోని పేరు."

కురుమూర్తి తన ఇంట్లోనే నేల మీద బోర్లా పడి ఉన్నాడు. పగిలిన పెదవి నుంచి రక్తం గచ్చు మీదికి కారుతోంది. సేటు మనిషి భీమన్న అతని వీపు మీద మోకాలు ఆనించి, కుడి చేతిని గడపకేసి అదిమి పట్టుకున్నాడు. కంప్యూటరు తెర పగిలి మూల పడి ఉంది. స్టాంపులు అంటించి, ఆ మధ్యాహ్నమే పోస్టులో వేయాల్సిన పత్రికలు గది నిండా చెల్లాచెదురయ్యాయి.

"తులం" నాలుగు పేజీల నెల పత్రిక. బంగారం, రూపాయి, వడ్డీ, ధరలు, వీటి గురించి మామూలు మనుషులకు అర్థమయ్యేలా కురుమూర్తి ఒక్కడే రాసి చందాదారులకు పంపుతాడు. పెట్టి రెండు నెలలు. ఈ సంచిక మూడు పేజీల్లో డాలరు గురించి, పత్తి ధర గురించి, తులం బంగారం పదిహేను వేలు ఎందుకు దాటిందన్న దాని గురించి ఉంది. సేటును ఇక్కడికి రప్పించింది నాలుగో పేజీ.

"జిరాక్సు దుకాణపోడు నా మనిషే. పొద్దుగాలనే తెచ్చిచ్చిండు." సేటు కళ్ళద్దాలు సర్దుకుని పైకి చదివాడు. "'అక్కా, పుస్తెలతాడు కుదువ పెట్టేనాడు దారం బరువు తీసేసి రాసుకుంటారు. విడిపించుకునేనాడు కొత్త పసుపు దారం ఊరికే కట్టిస్తారు. అది లావు దారం, తడి దారం. గుండ్లు అరగదీసి వాళ్ళు కాజేసిన బంగారం లోటు అందులో దాక్కుంటుంది. తూకం సరిపోయిందని నువ్వు దండం పెట్టి వస్తావు. దారం విప్పించి తూకం వేయించు. నీ మెడలోంచి వెళ్ళింది వెళ్ళినట్టు తిరిగి రాలేదు.' మంచిగ రాసినవ్ కురుమూర్తీ. ఆడోళ్ళు ఏడుస్తరు."

"ఏడ్వనీకె రాయలే సేటు. తూకం ఏయించుకోనీకె రాసిన."

"ఎనక పేజీ మొత్తం ప్రకటన ఇస్తనంటి గద. ఏమాయె?"

"ప్రకటనలు ఏసుకోను. చదివెటోళ్ళ చందాలతోనే నడుస్తది."

"ఎందరున్నరు?"

"నూట ఎనభై."

"నూట ఎనభై మందికోసం చెయ్యి పోగొట్టుకుంటవా? భీమన్నా!"

చిటికెన వేలు వెనక్కి వంగి, చేతి మీద ఆనింది. కురుమూర్తి అరుపుకు పక్కింట్లో మగ్గం ఆగిపోయింది. ఎవరూ రాలేదు. కాసేపటికి మగ్గం మళ్ళీ మొదలైంది, ఇందాకటికన్నా వేగంగా.

"నా దగ్గర ఏడుగురు పని చేస్తరు," అన్నాడు సేటు. "అందర్ల సదువుకున్నోడు లెక్కలు రాసే యాసర్ ఒక్కడే. వాడే గద?"

"యాసర్‌కు ఏం తెల్వదు."

భీమన్న మొదటిసారి నోరు విప్పాడు. "అనరాదు సారూ, యాసరే అని. ఆయన నీకేమన్న చుట్టమా?"

"నలుగురు పిల్లలున్నరు ఆయనకు."

"చూసినవా భీమన్నా," సేటు నవ్వాడు. "ఊరందరి పిల్లలూ ఈయనకే కావాలె. ఇంక కానియ్."

రెండో వేలు విరిగింది. కురుమూర్తికి ఎందుకో భార్య గుర్తొచ్చింది. పొద్దున జయశ్రీని వనపర్తి బస్సు ఎక్కించాడు గానీ, స్టాంపులు అంటించాలన్న తొందరలో బస్సు కదిలేదాకా ఆగలేదు. ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపే ఉంటుంది. అటువైపు తను లేడు.

మూడో వేలు విరిగేసరికి స్పృహ తప్పింది. సేటు కుండలో నీళ్ళు తెచ్చి ముఖాన కొట్టాడు. నీళ్ళు ఎర్రగా గడప దాటి వీధిలోకి పారాయి.

భీమన్న అతని జుట్టు పట్టుకుని తల పైకెత్తాడు. "సారూ, చెప్పు! ఎవలదో ఒకలది చెప్పు! సచ్చినోనిది చెప్పు, ఊరు ఇడిచి పోయినోనిది చెప్పు. నా చేతులు గుంజుతున్నయి. పాపమన్న అనిపిస్తలేదా నీకు?"

భీమన్న చెమట కురుమూర్తి చెంప మీద పడింది. కురుమూర్తి కష్టం మీద కళ్ళు తెరిచి, అతని ముఖంలోకి సూటిగా చూశాడు.

"చెప్ప," అన్నాడు.

నాలుగో వేలు కూడా పోయింది. ఈసారి అరుపు రాలేదు.

సేటు లేచి ధోవతి దులుపుకున్నాడు. "చాలు. సచ్చిండంటే లేనిపోని పరేషాన్. ఇంక ఈ చెయ్యి కలం పట్టదు. ఆ యాసర్ సంగతి నిదానంగ చూస్త, ఇంకా సాక్ష్యం దొరకలే. నువ్వు ఈ కాగితాలన్ని ఒక్కటి మిగలకుంట కాలబెట్టి రా."

బయట జీపు కదిలిన చప్పుడు వినిపించింది. అది వీధి మలుపు తిరిగేదాకా భీమన్న చెవి ఒగ్గి నిలబడ్డాడు. తర్వాత తలుపు మూసి గొళ్ళెం పెట్టాడు. మూలకు జారుకోబోయిన కురుమూర్తి పక్కన కూలబడి, తలకు చుట్టుకున్న రుమాలు విప్పి చింపాడు. విరిగిన వేళ్ళను ఒక్కొక్కటే కలిపి మెల్లగా కట్టాడు.

"మొదటి ఏలుకే నా పేరు చెప్పకపోయినవా సారూ," అన్నాడు.