బంతిలో చాపిన కాళ్లు

"బావా, గా మోకాళ్లు జర చూడు. నేనైతే తినలేను."

శరత్‌చంద్ర విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాడు.

సాయిచంద్ పరుగున వచ్చాడు. తన తండ్రి భూమన్న పెద్దకర్మ భోజనం. కరీంనగర్‌లో ఇంటి ముందు షామియానా వేసి, నేల మీదే బంతి పెట్టించాడు.

బావమరిదికి ఎదురు వరుసలో ఎవరో ముసలాయన తన విస్తరిని పక్కకు జరుపుకుని రెండు కాళ్లూ బారచాపి కూర్చున్నాడు. పాదాలు శరత్‌చంద్ర విస్తరికి జానెడు దూరంలో ఉన్నాయి.

సాయిచంద్ ఆ మోకాళ్ల వైపు చూశాడు. రెండూ ఉబ్బిపోయాయి. వాటి మీద చర్మం గొడ్డు గిట్టలా నల్లగా మందం కట్టి పగిలింది. పగుళ్లలో పచ్చటి మందేదో జిగటగా అంటుకుని ఉంది. పప్పుచారు వాసనను మించి ఆముదం, కర్పూరం కంపు.

"ఓ పెద్దమనిషీ, కాళ్లు ముడుచుకో."

"వంగయి కొడుకా."

"ఇస్తారి దిక్కు కాళ్లు సాపద్దని తెల్వదా?"

"తెలుసు బిడ్డా. గోడకు కూసుందామంటె జాగ లేకుండె."

పక్కాయన ముక్కు మూసుకున్నాడు. "అంటురోగమేమో. ముందుగాల లేపుండ్రి."

"ఏ ఊరు నీది?" అడిగాడు సాయిచంద్.

"ఇచ్చోడ. భూమన్న దినాలని తెలిసి బస్సెక్కి అచ్చిన."

"మా బాపుకు ఎరుకున్నోళ్లందరు నాకెరుకే. ఇచ్చోడల ఎవలు లేరు. షామియానా కనవడితె సాలు, జొరవడుడేనా?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

ముసలాయన కలుపుకున్న ముద్ద వైపు చూశాడు. "ఆయన పేరు మీద రెండు బుక్కలు తిని పోత. గందుకే అచ్చిన."

"కవర్ల కట్టిస్త. బయట తిను."

"కవర్ల అద్దు బిడ్డా. బంతిల తినాలె."

సాయిచంద్ అన్నంతో సహా ఆయన విస్తరిని మడిచి ఎంగిలి బకెట్‌లో వేశాడు.

ముసలాయనకు లేవడం చేతకాలేదు. చేయి అందించాల్సి వస్తుందని సాయిచంద్ ఒక అడుగు వెనక్కి జరిగాడు. ఎవరూ అందించలేదు. ఆయన కూర్చునే జరుగుతూ, చేతులు కడిగిన నీళ్లలో పంచె తడుపుకుంటూ షామియానా గుంజ దాకా పోయాడు. దాన్ని పట్టుకుని పైకి లేచి, కట్టెల్లాంటి కాళ్లు ఈడ్చుకుంటూ గేటు దాటాడు.

"అక్కడ ఫినాయిల్ కొట్టుండ్రి," అన్నాడు సాయిచంద్.

ఆయన్ని ముట్టకపోయినా వెళ్లి సబ్బుతో చేతులు రుద్దుకున్నాడు.

లోపలి గదిలో తల్లి పోశవ్వ గోడకు ఆనుకుని ఉంది. ఆ రోజు ఆమె గడప దాటకూడదు.

"ఏం లొల్లిరా సాయీ?"

"ఏం లేదవ్వా. ఎవడో ఇచ్చోడోడు, రోగం మోకాళ్లేసుకొని బంతిల కూసున్నడు. పంపిన."

పోశవ్వ తలెత్తింది.

"తిన్నడా?"

"బుక్క సుత తినలే. నేనే లేపిన."

ఆమె గడప దాటింది. చూసేవాళ్లు చూస్తుండగానే గేటు దాకా నడిచింది. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. ఆయన లేడు.

వెనకే వచ్చిన సాయిచంద్ అడిగాడు. "ఎవలవ్వా ఆయన?"

పోశవ్వ కొడుకు ముఖం చూడలేదు.

"ముత్యం. మందమర్రి బొగ్గుబాయిల మీ బాపుకు జోడి. మీ బాపు పొడుగు మనిషి, బాయి కప్పు కిందికున్న కాడ జొరరాకుండె. ఏండ్లకేండ్లు మీ బాపు వంతు బొగ్గు సుత మోకాళ్ల మీద పాక్కుంట తట్టలకు నింపింది ఆయనే బిడ్డా."