మోదాతు

"ఎవరమ్మా 'మోదాతు' అని రాసేది? మందుకి మోతాదు ఉంటుంది గానీ మోదాతు ఉంటుందా?"

యజమానురాలు తెర మీద వేలు పెట్టి మరీ అడిగింది.

కుర్చీ అంచున కూర్చున్న పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంది.

"ఎవరో ఒకరు రాసే ఉంటారు మేడం."

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు.

ఆవిడ వచ్చి మూడు రోజులైంది. నాలుగు రోజుల పనికి మనుషుల్ని పంపే ఏజెన్సీ పంపింది. పని మాత్రం చిన్నది కాదు.

ఆసుపత్రుల మందుల కౌంటర్లలో, ఏ బిడ్డకి ఏ మందు ఎంత పోయాలో చెప్పే చీటీలు ఈ కంపెనీ ప్రోగ్రాముతోనే అచ్చవుతాయి. ఇన్నాళ్ళూ వయసును బట్టి లెక్క. సోమవారం నుంచి బరువును బట్టి. మోతాదు అన్న మాట ఉన్న ప్రతిచోటా లెక్క మార్చాలి. ఒక్కచోట మరిచినా, ఎక్కడో ఒక పసినోట్లో పడకూడనంత మందు పడుతుంది.

చిక్కల్లా కంపెనీ పెట్టిన పెద్దాయనతో వచ్చింది. ఆయన యజమానురాలి తండ్రి. ప్రోగ్రాములో పేర్లన్నీ తెలుగువే ఉండాలని ఆయన పట్టు. అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు మనవి. ఇంకేముంది, ఎవరి చేతికొచ్చినట్టు వాళ్ళు రాశారు. ఒకరు 'త'కి హెచ్ తగిలించారు, ఒకరు 'ద'కి. ఒకరు దీర్ఘం సాగదీశారు, ఒకరు మింగేశారు. ఆయన పోయారు. మూడు వేల ఫైళ్ళు మిగిలాయి.

ఎడిటర్‌లో మామూలుగా వెతికితే కొట్టిన మాట కొట్టినట్టే దొరుకుతుంది. అందుకే పెద్దావిడ ఒక స్క్రిప్టు రాస్తోంది. ఒక్క మీట నొక్కితే అది ఫైళ్ళన్నీ గాలించి, ఆ మాటని ఎవరెలా రాసినా పట్టుకొచ్చి వరసగా చూపిస్తుంది.

రాస్తోంది, రాస్తూనే ఉంది. కాసేపు కళ్ళు మూసుకుంటుంది. ఒక రాత గుర్తొచ్చినట్టు నవ్వుకుంటుంది. జాబితాకి ఎక్కిస్తుంది.

"నోరు తిరగనివాళ్ళ మాటలన్నీ ఎక్కించుకుంటూ పోతే ఇది తెమిలే పనేనా?" అంది యజమానురాలు. "ఇంతకుముందు ఎక్కడ చేశారు మీరు?"

"ఒక్క గది ఉన్న చోట."

"అదీ సంగతి! ఇక్కడ పదకొండు గదులమ్మా. మా నాన్న రెండు కుర్చీలతో మొదలుపెట్టిన కంపెనీ. గంట విలువ తెలుసు కాబట్టే ఇంతదయింది."

ఆ రెండు కుర్చీల మాట ఆమె గడప తొక్కిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. అది విన్నాక బేరానికొచ్చినవాడు కాస్త మెత్తబడతాడు.

పెద్దావిడ ముఖం విప్పారింది.

"ఆ గంటల విలువ నాకు తెలీదా, అమ్మడూ..."

కీబోర్డుల టకటక ఆగిపోయింది.

"ఇక్కడ నన్ను అందరూ మేడం అంటారు."

"అవును మేడం. నోరు జారింది."

"రేపట్నించి రాకండి. మావాళ్ళే వెతుక్కుంటారు."

ఆవిడ స్క్రిప్టు సేవ్ చేసింది. కుర్చీని చప్పుడు కాకుండా బల్ల కిందికి నెట్టింది. గుమ్మం దగ్గర టీమ్ లీడర్ ఎదురైతే ఆగింది.

"నాయనా, ఆసుపత్రులకి పంపించే ముందు ఒక్కసారి నా స్క్రిప్టులో ఎఫ్ తొమ్మిది మీట నొక్కు. పోయేదేం లేదుగా."

శనివారం మధ్యాహ్నానికి పని పూర్తయింది. టీమ్ లీడర్ తల గోక్కుంటూ యజమానురాలి గదిలోకొచ్చాడు.

"మనకి దొరికినవి నలభై ఒక్క చోట్లు మేడం. అన్నీ దిద్దేశాం. ఆవిడ చెప్పింది కదా అని ఊరికే నొక్కా. నలభై రెండంటోంది."

"చాదస్తపు మనిషి రాసింది చాదస్తపు లెక్కే చెబుతుంది."

అంది గానీ, ఆమె వ్యాపారం ఎరిగిన మనిషి. రెండు కాటాలకి తేడా వస్తే సరుకు గడప దాటనివ్వకూడదు.

"ఏదీ, చూపించు."

నలభై రెండోది ముప్ఫై ఏళ్ళ నాటి ఫైలు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి వేసే చుక్కల మందు లెక్క. అందులో ఎక్కడా మోతాదు అని లేదు.

మోదాతు అని ఉంది.

టీమ్ లీడర్ ఆ వరస మీద వేలు పెట్టాడు. "ఇది పాత లెక్కతోనే వెళ్ళిపోయేది మేడం."

ఆమె ఏజెన్సీకి ఫోన్ చేసింది.

"ఆవిడా? మీ కంపెనీ పేరు చూసే వచ్చిందండీ. ఈ ఒక్క పని చాలు, ఇక నా పేరు కొట్టేయండి అంది. నిన్ననే ఊరు మారిపోయింది. ఆ నంబరు కూడా పనిచెయ్యట్లేదు."

ఆమె ఫోన్ పెట్టేసి స్క్రిప్టు తనే తెరిచింది. జాబితా దాటి బాగా కిందికి వెళ్తే, మెషీన్ పట్టించుకోని వరసల్లో, ఒక్కో రాతా ఎవరిదో ఓపిగ్గా రాసి ఉంది.

'ఇది పెద్దాయనది. తొందరలో దీర్ఘం మింగేస్తారు.'

'ఇది ఎడమచేతి తమ్ముడిది. త కనిపిస్తే హెచ్ తగిలించందే ఊరుకోడు.'

చిట్టచివర మోదాతు.

'ఇది అమ్మడిది. నాలుగో ఏట నోరు తిరక్క అలా అంటే, వాళ్ళ నాన్న మురిసిపోయి ఒళ్ళో కూర్చోబెట్టుకుని దాని చిట్టి వేలితోనే కొట్టించారు. నేను దిద్దబోతే, ఉండనివ్వమ్మా, పెద్దయ్యాక అదే దిద్దుకుంటుంది అన్నారు. ఇక దిద్దుకో తల్లీ. ఇట్లు, రెండో కుర్చీ.'