రాడ్డు అందించే మనిషి

“మీ స్ఫూర్తి ఏమిటో రెండు ముక్కలు చెప్పండి అంకుల్, గోడ మీద రాయించాలి” అంది మారామా.

“ఆకలి” అన్నాడు రస్సెల్.

“అది అందరికీ ఉంటుంది.”

“అయితే అందరి పేర్లూ రాయించు.”

మారామా నవ్వలేదు. వాంగనూయి నది ఒడ్డున గ్యాలరీ నడిపేది ఆమే. ఆదివారం ప్రదర్శన. నోరీన్ వేసిన బొమ్మలు, రస్సెల్ ఊదిన గాజు, ఒకే గదిలో. మొగుడూ పెళ్లాల పని పక్కపక్కన పెట్టాలని నోరీన్ బతికుండగా ఎవరికీ తోచలేదు. పోయిన రెండేళ్లకి తోచింది.

“పోనీ, చిన్నప్పటి సంగతి ఏదైనా చెప్పండి.”

“మా నాన్న గొర్రెల ఉన్ని కత్తిరించేవాడు. బడిలో ఒకసారి కొండ బొమ్మ వేశాను. నేను వేసిన రంగు చూసి, వెక్కిరిస్తున్నాననుకుని మేష్టారు చెవి మెలేశాడు. మళ్లీ కుంచె ముట్టలేదు.”

“అప్పుడే తిరుగుబాటన్నమాట!” మారామా గబగబా రాసుకుంది.

రస్సెల్ ఆమెను సరిదిద్దలేదు. సరిదిద్దడానికి ఓపిక ఉండాలి.

ఆమె కిటికీలోంచి పెరట్లోకి చూసింది. టమాటాలు మొక్కల మీదే కుళ్లిపోతున్నాయి.

“తోట కూడా వదిలేశారా?”

“మొన్న ఒకటి కోశాను. పచ్చిది. నోరంతా పాడైంది. అవన్నీ నోరీన్ చూసుకునేది.”

మారామా అసలు సంగతి బయటపెట్టింది.

“గ్యాలరీ కమిటీ వాళ్లు పట్టుబడుతున్నారు. ఆవిడ పోయిన దగ్గర్నుంచీ మీరు రంగు ముట్టలేదు. అంతా నీళ్లలాంటి గాజే. మీ దుఃఖం నాకు తెలుసు. కానీ ఒక్క రంగు గిన్నైనా లేకపోతే గది మొత్తం ఆవిడ బొమ్మలకే ఇచ్చేస్తారట. ఆవిడ ఆఖరి బొమ్మలో వానకి తడిసిన కొండలున్నాయి కదా. ఆ ఆకుపచ్చలో ఒక్క గిన్నె చాలు. శనివారం పొద్దున వచ్చి తీసుకెళ్తాను.”

“చేయకపోతే?”

“మీ పేరు ఉండదు అంకుల్.”

రస్సెల్‌కి పేరు పిచ్చి లేదు. అది నోరీన్ కోరిక. ఆస్పత్రి మంచం మీద కూడా అదే మాట. “మనిద్దరి పేర్లూ ఒకే గోడ మీద చూడకుండానే పోతున్నానయ్యా” అంది. జీవితంలో ఆవిడ అడిగింది అదొక్కటే. అదీ ఆయన ఇవ్వలేకపోయాడు.

“సరే” అన్నాడు.

శుక్రవారం షెడ్డులో కొలిమి వెలిగించాడు. కొలిమి ఎదురుగా నోరీన్ స్టూలు అలాగే ఉంది. ఆయన గాజు ఊదే గొట్టం తిప్పుతుంటే, ఆవిడ అక్కడ కూర్చుని రంగు గాజు రాడ్డు ఏరి అందించేది. ఆయన ఎన్నడూ రాడ్డు తనంతట తాను తీసుకుని ఎరగడు. ఊళ్లోవాళ్లకి అదో ముచ్చట. “పెళ్లాం చేతి రాడ్డయితేనే రస్సెల్‌కి గాజు పొంగుతుంది” అని వేళాకోళం చేసేవాళ్లు. పేపర్లవాళ్లేమో ఆయన్ని రంగుల మాంత్రికుడన్నారు. ఇద్దరూ ఇంటికొచ్చి నవ్వుకునేవాళ్లు. ఇప్పుడు నవ్వడానికి రెండో మనిషి లేదు.

నోరీన్ రాడ్లని పాత బిస్కెట్ డబ్బాల్లో తన పద్ధతిలో సర్దుకునేది. మొన్నటి వరదకి షెడ్డులోకి నీళ్లొచ్చి డబ్బాలన్నీ బోల్తా పడ్డాయి. రాడ్లు కలగలిసిపోయాయి. డబ్బాలకి అంటించిన కాగితం చీటీలు నదిలో కలిశాయి.

రస్సెల్ ఒక్కో రాడ్డూ తీసి కిటికీ దగ్గర పట్టుకుని చూశాడు. పెట్టేశాడు. మళ్లీ తీశాడు. మధ్యాహ్నమైంది. చివరికి ఒకటి పట్టుకుని, ఆ స్టూలు వైపు చూశాడు.

“ఇదేనా?” అని అడిగాడు.

స్టూలు ఏం చెబుతుంది?

రాడ్డు ముక్కని కరిగించి గాజుకి పట్టించాడు. కొలిమిలోంచి వచ్చిన గాజు ఏదైనా నిప్పులాగే వెలుగుతుంది. ఊదాడు, తిప్పాడు, అంచు విప్పాడు. చేతికి పనితనం ఇంకా పోలేదు. గిన్నె కుదిరింది. గాజు మెల్లగా చల్లారే పెట్టెలో పెట్టి, తన కుర్చీలో కూలబడ్డాడు.

శనివారం మారామా అట్టపెట్టె పట్టుకుని వచ్చింది. రస్సెల్ గిన్నె మీద కప్పిన గుడ్డ తీశాడు.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

“ఆ కొండల పక్కన దీన్ని పెట్టమంటారా?” అంది.

“పెట్టకూడదా?”

“పెట్టొచ్చు. పెట్టాలి.” ఆమె గిన్నె మీదికి వంగింది. “ఇంత కోపం ఉందనుకోలేదు అంకుల్. ఆవిడ వదిలేసి పోయిందనే కదా? నేను శాంతంగా ఉండే గిన్నె అడిగాను. మీరు నిజం ఇచ్చారు. ఇంక స్ఫూర్తి గురించి ఒక్క ముక్క కూడా అడగను. ఏం రాయాలో నాకు తెలిసింది.”

ఆమె కళ్లు తుడుచుకుని, గిన్నెని పసిబిడ్డలా అట్టపెట్టెలో పడుకోబెట్టింది. ఆదివారం ఇద్దరి పేర్లూ ఒకే గోడ మీద ఉంటాయని మాటిచ్చింది. తలుపు దాకా వెళ్లింది.

గెలిచినట్టే. నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ రస్సెల్ లేచి, గోడ పట్టుకుని ఆమె వెనకే నడిచాడు.

“అమ్మాయ్, ఆగు” అన్నాడు. “నోరీన్ పోయాక అడగడానికి నాకు మనిషి లేదు, నువ్వే చెప్పు, అది ఎరుపా, ఆకుపచ్చా?”