ఆదివారం కేకు

"ఆదివారం కూడా నోరు కట్టుకోవడమేంటే! సన్నబడి ఎవరి కళ్ళలో పడాలి? ఒక్కరోజుకే కొంప మునగదులే," అంటూ మా ఆయన కేకు డబ్బా విప్పారు.

ప్రతి వారం ఇదే వరస. వారమంతా తగ్గించుకున్న బరువు ఆ ఒక్కరోజుతో తిరిగొచ్చేది. ఇంకా తగ్గాలంటూ నిన్న డాక్టరమ్మ మళ్ళీ వెనక్కి పంపేశారు.

నాకు ఏడుపొచ్చింది. డబ్బా పక్కకు తోసేశాను.

"బరువు తగ్గితేనే నా కిడ్నీ మీకు పెడతామన్నారు కదండీ! మీ ఒళ్ళు చూడండి, ఎలా ఉబ్బిపోతోందో. మీరు లేకపోతే నేనేమైపోవాలి?"

ఆయన వాచిన వేళ్ళతో ఒక ముక్క తుంచి నా నోటి దగ్గర పెట్టారు.

"తినవే, నీకు దణ్ణం పెడతాను. నువ్వు తగ్గితే వాళ్ళు నిన్ను కోస్తారే."

నేను దేవుణ్ణి తలుచుకుని పెదవులు బిగించుకున్నాను.