పగులు నడిచిన దారి

బడి ప్రహరీ గోడ కూలిన మూడో రోజున కట్టడాలను పరీక్షించే ల్యాబ్ మేడమ్ వచ్చింది. పరీక్షకు ఆమెనే పిలిపించమని పట్టుబట్టింది గోడను గుద్దిన లారీ డ్రైవరే. మేస్త్రికి అక్కడే అనుమానం పుట్టింది.

పరీక్ష చేయించమని ఎవరైనా అడుగుతారు. ఫలానా మనిషే రావాలని అడుగుతారా?

గోడ కట్టింది మేస్త్రి. గుద్దింది లారీ. కాలు విరిగింది మాత్రం పాపం, బడి వాచ్‌మన్‌ది.

"రివర్స్ చేస్తూ మెల్లగా ఆనించానంతే సార్! అంతమాత్రానికే కూలిపోయింది. అదేం గోడ? అంతా ఇసుకే" అని డ్రైవర్ ఎస్సైకి చెప్పాడు. నెరిసిన తల, వణుకుతున్న గొంతు. అందరూ నమ్మేశారు.

మేస్త్రి మాట విన్నవాళ్లు లేరు. అప్పుడే ఇద్దరు కాంట్రాక్టర్లు అతని ఫోన్ ఎత్తడం మానేశారు. ముప్పై ఏళ్లు తాపీ పట్టిన చెయ్యి మూడు రోజులుగా ఖాళీగా ఉంది. కేసు మెడకు చుట్టుకుంటే ఇక ఎప్పటికీ ఖాళీయే.

మేడమ్ దిగుతూనే ఫ్లాస్కు తెరిచింది. మూతలో టీ పోసి డ్రైవర్ చేతికిచ్చింది. అతను హక్కున్నట్టు తాగేశాడు.

'కుమ్మక్కయ్యారు' అనుకున్నాడు మేస్త్రి.

ఆమె శిథిలాల పక్కన గొంతుక్కూర్చుంది. ఒక్కో ఇటుకా తిప్పి చూసి, రెండు కుప్పలుగా వేసింది. మధ్యలో తలెత్తకుండానే డ్రైవర్‌ను అడిగింది.

"ఎంత స్పీడులో వచ్చావు?"

"మనిషి నడకంత."

కాసేపాగి మళ్లీ అదే ప్రశ్న. అదే జవాబు.

మూడోసారి తలెత్తింది. "బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు."

"మనిషి నడకంతే!"

పాఠం వల్లె వేయిస్తోందనుకుని మేస్త్రి పళ్లు నూరుకున్నాడు. ఉండబట్టలేక ముందుకొచ్చాడు.

"మేడమ్, నన్నూ ఒక్క మాట అడగండి."

"అక్కర్లేదు. ఇటుకలే చెబుతాయి."

మేస్త్రి ముఖం మాడిపోయింది.

కూలకుండా మిగిలిన గోడ కొసన రెండు ముక్కలు కోయించిందామె. మొదటిదాన్ని జాకీతో మెల్లగా నొక్కించింది. సిమెంటు అతుకుల వెంట మెట్లుమెట్లుగా పగులు పాకింది. ఇటుకలు చెక్కుచెదరలేదు. రెండోదాని మీద ఎత్తు నుంచి ఇనుప దిమ్మె వదిలించింది. ఠాప్! ఇటుకలు నడిమికి చీలిపోయాయి.

ఎస్సై బుర్ర గోక్కున్నాడు. "అంటే ఏంటి మేడమ్?"

"మెల్లగా నెడితే పగులు సందు వెతుక్కుంటూ అతుకుల వెంట పోతుంది సార్. ఒక్కసారిగా కొడితే దానికి వెతుక్కునే టైముండదు. ఇటుకను చీల్చుకుని నేరుగా పోతుంది. ఈ పెద్ద కుప్ప చూడండి, అన్నీ చీలినవే. లారీ ఆనలేదు, దూసుకొచ్చింది. గోడ గట్టిదే. మేస్త్రి తప్పేం లేదు."

డ్రైవర్ తల వాల్చేశాడు. "బ్రేకనుకుని... యాక్సిలరేటర్ తొక్కాను సార్. భయపడి అబద్ధం చెప్పాను" అన్నాడు.

మేస్త్రి కళ్లు తుడుచుకుంటూ ఆమె దగ్గరికెళ్లాడు.

"క్షమించమ్మా. నువ్వు అతని మనిషివేమోనని అనుమానపడ్డాను."

ఆమె రిపోర్టు మీద సంతకం పెడుతోంది. పెన్ను రెండుసార్లు ఆగింది.

"మీ అనుమానంలో తప్పేం లేదు" అంది మెల్లగా.

కాగితం ఎస్సైకి ఇచ్చేసి, డ్రైవర్ దగ్గరికెళ్లి, అతని భుజం మీది దుమ్ము దులిపింది.

"పద నాన్నా, స్టేషన్‌కి నేనూ వస్తాను."